బెల్టు అక్కర్లేని ప్యాంటు

టైలరు మాస్టారి దుకాణంలోకి బెల్టు పెట్టుకుని అడుగుపెట్టడానికి పాత ఖాతాదారులు జంకేవారు. పెట్టుకొచ్చినవాణ్ణి మాస్టారు ముందు ముక్కు చిట్లించి చూసేవాడు. తర్వాత టేపు మెడలో సర్దుకుని మొదలుపెట్టేవాడు.

"ప్యాంటన్నాక నడుం మీద తనంతట తాను నిలబడాలి. తోలుముక్కతో బిగిస్తే తప్ప నిలబడనిది ప్యాంటెందుకవుతుందయ్యా, మూటవుతుంది. నేను కుట్టినదానికి బెల్టు పెట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, దుకాణం మూసేస్తాను."

ఈ మాట ఎన్నిసార్లు విన్నదో, గుమ్మం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని గుండీలు కుట్టే ఆయన భార్య, ఆయన నోరు తెరవక ముందే పెదవులు కదిపేది. ఇరుకు గది, రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, బట్టలు వేసి చూసుకోవడానికి ఓ మూల పరదా, ఒక నిలువుటద్దం. అంతే దుకాణం. కాని మాస్టారు చెప్పింది కోత కాదు, నిజం. ఆయన చెయ్యి తప్పదు. ఆ వీధి మగవాళ్ళు అద్దాన్నయినా అనుమానించేవారేమో గాని ఆయన టేపుని అనుమానించేవారు కాదు.

ఒక్క నడుం మాత్రం ఆ టేపు కిందికి రాలేదు. అది మాస్టారిదే. తన ప్యాంట్లకి వెనకవైపు నడుం పట్టీ లోపల ఎలాస్టిక్ పెట్టి, పైన లైనింగు గుడ్డతో కప్పి కుట్టుకునేవాడు. పొట్ట ఏటేటా పెరిగింది, ఎలాస్టిక్ దానితోపాటు మంచి మనసుతో సాగింది, ఆయన మాత్రం పెళ్ళినాటి కొలతలోనే ఉన్నానని నమ్ముతూ వచ్చాడు. ఈ సంగతి భార్యకి తెలుసు. అన్నీ తెలిసినట్టే ఇదీ తెలిసి ఊరుకుంది.

మాస్టారి తోడల్లుడు, అంటే భార్య చెల్లెలి మొగుడు, బస్సు డ్రైవరు. అత్తవారి వైపు ఎవరు కలిసినా ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడటం మొదటినుంచీ ఉన్నదే. అందులో ఎప్పుడూ మాస్టారిదే పైచేయి. సొంత దుకాణం, చేతినిండా పని, నలుగురిలో మాట. డ్రైవరుకి ఉన్నవి పెద్ద పొట్ట, పెద్ద నవ్వు, ఆ రెండింటినీ స్టీరింగు వెనక ఇరికించుకునే ఉద్యోగం. మాస్టారికి అతనంటే ఇష్టమే. మనకంటే ఒక మెట్టు కిందున్నవాణ్ణి ఇష్టపడటం అంత కష్టమైన పనేమీ కాదు.

ఆ మెట్టు ఎక్కడ కదిలిందంటే డిపోలో. అక్కడ ఉద్యోగులకీ వాళ్ళ ఇంటివాళ్ళకీ రక్తపరీక్షలు చేస్తున్నారంటే డ్రైవరు మాస్టారిని కూడా లాక్కెళ్ళాడు. ఇద్దరికీ ఇంచుమించు ఒకే ఫలితం వచ్చింది. రక్తంలో చక్కెర ఎక్కువ, కొవ్వు ఎక్కువ, నడుం చుట్టుకొలత ఎక్కువ. డ్రైవరుకి చక్కెర మరికాస్త ముందుకెళ్ళింది గనక మాత్ర రాశారు. తనకి రాయనందుకు మాస్టారు లోలోపల చిన్న పండగ చేసుకున్నాడు.

అక్కడి డాక్టరమ్మ ముక్కుసూటి మనిషి. ఒక అట్ట కంచం తీసుకుని పెన్నుతో గీతలు గీసింది.

"సగం కంచం కూరగాయలూ ఆకుకూరలూ. మిగతా సగంలో సగం చిక్కుడు గింజలో, శనగలో, చేపో, గుడ్డో. మిగిలిన ఈ ముక్కలోనే అన్నమైనా రొట్టైనా. అదీ పాలిష్ పట్టనిది. చక్కెర టీలు, పళ్ళరసాలు, బిస్కెట్లు మానెయ్యండి. ఆకలేస్తే గుప్పెడు బాదమో వేరుశనగో తినండి. నూనె అంటే హడలిపోవద్దు, మంచి నూనె కొలతగా వాడండి. బరువు ఎంతని కాదు, నడుం ఎంతని చూసుకుంటూ ఉండండి. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వే గుండె మీదికి వచ్చేది."

"నడుం సంగతి మా అన్నయ్య చూసుకుంటాడు డాక్టరమ్మా," అన్నాడు డ్రైవరు, మాస్టారి భుజం మీద చెయ్యి వేసి.

డ్రైవరు ఆ అట్ట కంచాన్ని తీసుకెళ్ళి వంటింటి గోడకి అతికించాడు. మాస్టారికి మాత్రం ఒళ్ళు మండింది. కొలతలు తనకి నేర్పడమేమిటి? పొట్టలో ఉన్నది కొవ్వు, కాబట్టి కొవ్వు తినడం మానేస్తే పొట్ట పోతుంది. గుడ్డ ఎక్కువైతే కత్తిరించినట్టు. దీనికి అంత చదువు అక్కర్లేదు. ఆ రోజే ఇంట్లో నూనె, గుడ్లు, చేపలు, గింజలు బందు అని ప్రకటించాడు. చప్పిడి తెల్లన్నం, తెల్ల రొట్టె, పైన జాము. ఆకలేస్తే రస్కులు టీలో ముంచుకుని తినేవాడు. మిషను పక్కన పళ్ళరసం డబ్బా ఒకటి ఎప్పుడూ ఉండేది. పళ్ళే కదా అనేవాడు ఎవరైనా అడిగితే. ఎవరూ అడగకపోయినా అనేవాడు.

సెలవు రోజున రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి కూర్చునేవి. మాస్టారు తన చప్పిడి అన్నం కెలుకుతూ ఎదుటి కంచం కేసి చూసేవాడు. డ్రైవరు కంచంలో కూరలు కుప్పగా ఉండేవి, పక్కన చేప ముక్క, దాని మీద నిగనిగలాడే నూనె. ఆ నిగనిగ మాస్టారి కళ్ళలో పొడిచేది.

"నూనె బాగానే పడ్డట్టుందే," అనేవాడు.

"పడనీ అన్నయ్యా. డాక్టరమ్మ ఒప్పుకుంది," అని డ్రైవరు ముల్లు దాకా నీటుగా తినేసి, జేబులోంచి బాదం గింజలు తీసి ఒక్కొక్కటే నమిలేవాడు. ఆ నమిలే చప్పుడు ఇంటికొచ్చాక కూడా మాస్టారి చెవుల్లో వినిపించేది.

కొన్నాళ్ళకి డ్రైవరు దుకాణానికి వచ్చాడు. యూనిఫాం ప్యాంటుని పిడికిలితో నడుం దగ్గర పట్టుకున్నాడు.

"జారిపోతోంది అన్నయ్యా. కాస్త లోపలికి తియ్యి."

మాస్టారు టేపు చుట్టాడు. ఎప్పుడూ వచ్చే గీత దగ్గర టేపు ఆగలేదు, దాటి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ చుట్టాడు. టేపుకి అబద్ధం చెప్పడం రాదు. సుద్దతో గుర్తు పెడుతుంటే వేళ్ళు గట్టిగా నొక్కుకుని సుద్ద విరిగింది.

"మరిదిగారి మొహం ఎంత తేటపడిందో చూశారా," అంది ఆయన భార్య, సూదిలో దారం ఎక్కిస్తూ. "మెట్లెక్కితే ఆయాసం కూడా రావడం లేదట."

"డ్రైవరుకి మెట్లెందుకు?" అన్నాడు మాస్టారు.

నవ్వులాటగా అన్నట్టే ఉంది గాని ఆ మాటలో విషం ఉంది. ఆ మధ్యాహ్నమంతా ఆయన తోడల్లుడి ప్యాంటు బిగించి కుట్టాడు, సాయంత్రం తన ప్యాంటుకి కొత్త ఎలాస్టిక్ వేసుకున్నాడు. తను నోరు కట్టుకున్నాడు, వాడు చేపలు తిన్నాడు. తను గుడ్డు ముట్టలేదు, వాడు గింజలు నమిలాడు. అయినా కరిగింది వాడి పొట్ట. ఇదెక్కడి న్యాయం? ఏ పని చేస్తున్నా అదే రంపపుకోత.

రెండోసారి పరీక్షలకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. డాక్టరమ్మ డ్రైవరు కాగితం చూసి మెచ్చుకుంది, మాస్టారి కాగితం చూసి కళ్ళజోడు తీసింది. కొవ్వు ముందుకంటే పెరిగింది.

"నూనె చుక్క ముట్టడం లేదండీ," అన్నాడు మాస్టారు.

"మరి ఏం తింటున్నారు?"

చెప్పాడు. ఆవిడ ఓపిగ్గానే విన్నది.

"కొవ్వు తీసేసిన చోట మీరు చక్కెరా పిండీ నింపారు. ఒంటికి అక్కర్లేకుండా మిగిలిన చక్కెరని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మానడం ఒక్కటే కాదు, మానిన చోట ఏం పెడుతున్నారన్నది ముఖ్యం. ఈయన్ని చూడండి, ఈయన చేసింది అదే. ఇలాగే ఉంటే గుండెకి మంచిది కాదు, చెబుతున్నాను."

ఈయన్ని చూడండి. గుండె గురించి చెప్పింది మాస్టారి బుర్రకెక్కలేదు, ఈ ముక్క మాత్రం దిగబడింది. ఇంటికొచ్చేసరికి మరదలు అప్పుడే అక్కతో చెప్పేసింది. భార్య అన్నం వడ్డిస్తూ మామూలుగానే అంది, "మరిదిగారిలా మీరూ ఆ కంచం ప్రకారం తింటే పోయేదేముందండీ." పోయేదేముందో ఆవిడకి తెలియదు. ఇన్నేళ్ళ పైచేయి పోతుంది. డ్రైవరు దారిలో నడిచి బాగుపడటం కంటే తన దారిలో నడిచి పాడైపోవడమే మేలనిపించే చోటికి ఆయన చేరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే డ్రైవరు తన యూనిఫాం ప్యాంట్లన్నీ సంచిలో వేసుకుని వచ్చాడు. కొన్నిటికి జిప్పులు పోయాయి, కొన్నిటికి అంచులు చిరిగాయి.

"నడుం సరిపోయింది అన్నయ్యా. దాని జోలికి వెళ్ళక్కర్లేదు. ఇవి బాగుచేస్తే చాలు," అని సంచి బల్ల మీద పెట్టి, ఒక గింజ నోట్లో వేసుకుని వెళ్ళిపోయాడు.

భార్య ఆ పూట చెల్లెలింటికి వెళ్ళింది. మాస్టారు జిప్పులు వేశాడు, అంచులు మడిచాడు. తర్వాత, ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. ప్రతి ప్యాంటుకీ వెనక కుట్టు విప్పి, వేలు మందం లోపలికి తీసి, మళ్ళీ కుట్టాడు. పైన ఇస్త్రీ చేశాడు. ఎంత చక్కగా చేశాడంటే ఆ కుట్టు చూసి ఆయనకే ముచ్చటేసింది. చేస్తున్నంతసేపూ చెడ్డపని చేస్తున్నానని తెలుసు. ఒక్క వారం వాడి నవ్వు కాస్త తగ్గితే చాలు, అంతకంటే నాకేం వద్దు అని తనకి తాను చెప్పుకున్నాడు.

అనుకున్నట్టే డ్రైవరు రెండు రోజుల్లో వచ్చాడు. గుండీ దగ్గర బట్ట బిగిసి ఉంది. నవ్వు లేదు.

"మళ్ళీ పొట్ట వచ్చేసినట్టుంది అన్నయ్యా. కంచం తప్పలేదు. అయినా బిగిసిపోతున్నాయి."

ఇంకొకడయితే, ఏం కుట్టావయ్యా అని ప్యాంటు మొహాన కొట్టేవాడు. డ్రైవరుకి ఆ ఆలోచనే రాలేదు. మాస్టారి చెయ్యి తప్పదు కదా. ఇంట్లో వేసుకునేది నాడా పైజామా, దానికి పొట్ట ఎంతున్నా ఒకటే. ఇంట్లో తూకం మిషను లేదు. అతనికి మిగిలిన సాక్షి మాస్టారి కుట్టు ఒక్కటే.

"చూసుకో మరి," అన్నాడు మాస్టారు, మిషను మీదినుంచి తలెత్తకుండా. "ఆ గింజలూ నూనెలూ ఎక్కడికి పోతాయి?"

ఆ రాత్రి ఆయన చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు. తర్వాతి రోజుల్లో మరదలి నోట డ్రైవరు బెంగ వింటుంటే అది ఆయనకి పళ్ళరసం కంటే తియ్యగా ఉంది. గింజలు మానేశాడట. రాత్రి తినడం లేదట. పొద్దున టీ కూడా లేకుండా డ్యూటీకి వెళ్ళిపోతున్నాడట. తినమంటే విసుక్కుంటున్నాడట. మాస్టారు అయ్యో అన్నాడు, మరో రస్కు తీసుకున్నాడు.

ఒక ఉదయం డ్రైవరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా బస్సెక్కాడు. పెద్ద రోడ్డు మీద చేతులు వణికాయి. చొక్కా తడిసిపోయింది. ఎదుటి బళ్ళు రెండేసిగా కనిపించాయి. తనకి ఏమవుతోందో తెలియకపోయినా, ఏదో అవుతోందని తెలిసేపాటి తెలివి ఇంకా మిగిలి ఉండగానే బస్సుని పక్కకి తీసి బ్రేకు లాగాడు. తర్వాత స్టీరింగు మీదికి వాలిపోయాడు. బస్సు నిండా జనం. కండక్టరు ఎవరి సీసాలోదో తీపి పానీయం అతని నోట్లో పోయకపోతే ఇంకేమయ్యేదో.

ఆసుపత్రిలో అతని మంచం చుట్టూ ఇంటివాళ్ళంతా చేరారు. మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మాత్ర వేసుకుని తిండి మానేస్తారా ఎవరైనా?" అంది, కబురందుకుని వచ్చిన డిపో డాక్టరమ్మ. "ఆ మాత్ర ఉన్న చక్కెరని దించుతుంది. లోపల ఏమీ లేకపోతే దేన్ని దించుతుంది? ప్రాణాన్నే దించుతుంది. ఇంత బాగా తింటున్నవారు, ఏం పుట్టింది మీకు?"

"ప్యాంట్లు బిగిశాయి డాక్టరమ్మా," అన్నాడు డ్రైవరు నీరసంగా.

ఆవిడ అక్కడే, మంచం మీదే, అతని నడుం కొలిచింది. ముందుకంటే తగ్గింది తప్ప పెరగలేదు. వింతగా ఉందే అంది. మాస్టారి భార్య వింతగా ఉందని అనలేదు. ఆవిడ మెల్లగా తల తిప్పి తలుపు కేసి చూసింది.

ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన సంచిలో డ్రైవరు చెమటకి తడిసిన యూనిఫాం ఉంది. ఉతికిస్తానని ఆవిడే అడిగి తెచ్చుకుంది. దుకాణానికి వచ్చి, ప్యాంటు తిరగేసి, వెనక కుట్టుని వెలుతురుకి పట్టింది. పాత కుట్టు చిల్లులు ఒక వరస. వాటి లోపలగా కొత్త దారం ఇంకో వరస.

"ఈ కుట్టు ఎవరిదండీ?"

మాస్టారు సుద్దముక్కలు సర్దుతున్నాడు.

"కొలత తప్పిందా?"

తప్పిందనవచ్చు. ఆ ఒక్క మాటతో గండం గట్టెక్కేది. కాని ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తప్పని చెయ్యి తప్పిందని అనలేకపోయాడు. తప్పలేదని కూడా అనలేకపోయాడు. ఆవిడ జవాబు అందినట్టే తల ఊపి, కుట్టు విప్పడం మొదలుపెట్టింది. డ్రైవరు ఇంటినుంచి మిగతా ప్యాంట్లు కూడా తెప్పించి అన్నీ విప్పి, పాత వరస మీదే మళ్ళీ కుట్టింది. ఇస్త్రీ అయ్యాక, దండెం మీదున్న మాస్టారి ప్యాంటు తీసుకుని దాని పట్టీ కూడా విప్పి, లోపలి ఎలాస్టిక్ బయటికి లాగింది. సాగి సాగి వడలిపోయిన పట్టీ. దాన్ని బల్ల మీద పెట్టి, ఆయన నమ్మే పెళ్ళినాటి కొలతకి మామూలు పట్టీ వేసి కుట్టింది. మర్నాడు ఆయన వేసుకోవడానికి అది తప్ప వేరే ప్యాంటు లేకుండా చేసింది.

"ఇదేసుకుని వెళ్ళి మరిదిగారికి మీరే చెప్పండి. నేను చెప్పను. నా చెల్లెలి పసుపుకుంకాల మీదికి వచ్చింది," అంది. ఆవిడ గొంతు ఎప్పటిలాగే ఉంది. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

ప్యాంటు గుండీ కాజాని అందుకోలేదు. దగ్గరికి కూడా రాలేదు. ఊపిరి బిగబట్టి లాగితే రెంటి మధ్యా ఆయన అరచెయ్యి పట్టింది. తన పొట్టని ఆయన అలా చేత్తో కొలవడం అదే మొదటిసారి. గుండీ వదిలేసి, చొక్కా కిందికి లాగి కప్పుకుని, ఒక చేత్తో ప్యాంటు, ఇంకో చేత్తో తోడల్లుడి బట్టల సంచి పట్టుకుని బయల్దేరాడు.

డ్రైవరు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా శనగల గిన్నె. అన్నయ్యా రా అన్నాడు. మాస్టారు కూర్చోలేదు. కూర్చుంటే ప్యాంటు చిరుగుతుంది.

"నీ పొట్ట పెరగలేదు," అన్నాడు. "నేనే బిగించాను. నువ్వు తగ్గుతుంటే చూడలేకపోయాను."

అంతే చెప్పాడు. దానికి ముందు దారిలో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. డ్రైవరుకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు.

"నా వెనక సీట్లలో ఎంతమంది కూర్చుంటారో తెలుసా అన్నయ్యా?" అన్నాడు. తర్వాత గిన్నె పక్కకి జరిపాడు. "నీ చెయ్యి తప్పదు కదా అని నా ఒంటినే అనుమానించాను."

సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ బయటికి రాలేదు. మరదలు ఎప్పుడూ ఇచ్చే మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

తర్వాత చాలాకాలం సెలవు రోజు భోజనాలు లేవు. మాస్టారి ఇంట్లో మాత్రం గోడ మీద ఒక అట్ట కంచం వెలసింది. భార్య గీసింది. ఆయన నోరెత్తకుండా తిన్నాడు, సగం కూరలు, గింజలు, చేప. పళ్ళరసం డబ్బా పోయింది. మొదట్లో రస్కుల కోసం చేతులు వెతుక్కునేవి. మెల్లగా గుండీ కాజా వైపు నడిచింది. మూడోసారి పరీక్షల్లో ఆయన కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తియ్యలేదు. ఆయనలో అసూయ చచ్చిపోయిందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. డ్రైవరు కాగితం ఎలా వచ్చిందో ఆవిణ్ణి అడగబోయి, నాలుక కరుచుకుని వచ్చేశాడు.

డ్రైవరుకి డ్యూటీ తిరిగి ఇవ్వడానికి డిపోవాళ్ళు నానా పరీక్షలూ చేశారు. చివరికి ఇచ్చారు. కొత్త యూనిఫాం గుడ్డ కూడా ఇచ్చారు. ఒకరోజు ఆ గుడ్డ పట్టుకుని అతను దుకాణం మెట్లెక్కాడు. మాస్టారు టేపు తీసి కొలిచాడు. మాస్టారి భార్య టేపు చివర పట్టుకుని అంకె పైకి చదివింది. అతను అద్దంలో చూసుకుంటూ విన్నాడు.

ఆ ప్యాంటు మీద మాస్టారు పెట్టినంత శ్రద్ధ తన పెళ్ళి బట్టల మీద కూడా పెట్టలేదు. డ్రైవరు పరదా వెనక వేసుకుని బయటికొచ్చాడు. నడుం మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంది. వంగాడు, కూర్చున్నాడు, లేచాడు. ఎక్కడా జారలేదు, ఎక్కడా బిగియలేదు.

"బాగుంది అన్నయ్యా," అన్నాడు. మాటలో కోపం లేదు. "నువ్వూ తగ్గావు. మంచిదే."

మాస్టారు నవ్వబోయాడు.

డ్రైవరు తను తెచ్చుకున్న సంచిలోంచి ఒక బెల్టు తీశాడు. అద్దం ముందు నిలబడి, యూనిఫాం పద్ధతి ప్రకారం కుట్టిన లూపులు ఒక్కొక్కటిగా వెతుక్కుంటూ, వాటిలోంచి దాన్ని దూర్చి, తన రంధ్రం ఏదో చూసుకుని పెట్టుకున్నాడు. మాస్టారి భార్య తల వంచుకుని గుండీ కుడుతూనే ఉంది.